ఎకరం పది గుంటలు: ఆగిపోయిన ఒక రైతు భరోసా కేసు

ఈ కేసు మొత్తం 7,500 రూపాయలది. ఎకరం పది గుంటల చెలకకు 2024-25 యాసంగిలో, ఎకరానికి 6,000 చొప్పున రావాల్సిన రైతు భరోసా, అంటే తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం, అది. పట్టాదారు ఒక పెద్దావిడ. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా తిరిగింది. ఎక్కడ ఆగిందా అని నేనూ ఆమెతో పాటు తిరిగాను. చివరికి తేలిందేమిటంటే, ఆపింది నేనే.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక క్లస్టర్‌కు నేను వ్యవసాయ విస్తరణ అధికారిని, అంటే ఏఈవోని. సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక ఏఈవో అన్నది రాష్ట్రంలో పెట్టుకున్న లెక్క. నా కింద మూడు ఊళ్లున్నాయి. పంట నమోదు, విత్తనాల రాయితీ, రైతు బీమా, పీఎం కిసాన్ ఈకేవైసీ, ధాన్యం కొనుగోలు టోకెన్లు, యూరియా లైను, అన్నీ ఇదే మనిషి చూడాలి. ఊరి పేరు, మనుషుల పేర్లు, సర్వే నంబర్ ఇక్కడ రాయడం లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఈవోలకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 2018 మే 10న హుజూరాబాద్‌లో, రైతు భరోసాకు ముందున్న పథకం రైతు బంధు మొదలైనప్పుడు ఎకరానికి, పంటకు 4,000 ఇచ్చారు. మొదటి విడత చెక్కులు. ఊళ్లో టెంట్లు వేసి, పాస్‌బుక్కు ఒక చేతిలో, చెక్కు ఒక చేతిలో పెట్టి పంపాం. మనిషి ఎదురుగా ఉండేవాడు కాబట్టి తప్పుంటే అక్కడే తెలిసేది: "సారూ, ఇది మా తమ్ముని పేరు" అనేవాడు. ఆ ఏడాది యాసంగికి ఎన్నికల కోడ్ వచ్చి చెక్కులు బంద్ అయ్యాయి, డబ్బు ఖాతాల్లోకి మారింది. 2019లో ఎకరానికి 5,000 అయింది. ఖాతాలోకి మారాక పంచడం సులువైంది, తప్పు దొరకడం కష్టమైంది. డబ్బు రానివాడు మన దగ్గరికి వస్తాడు. రాకూడని డబ్బు వచ్చినవాడు ఎందుకు వస్తాడు?

అలా రాకూడని డబ్బు చాలానే పడింది. పాస్‌బుక్కులో ఎంత విస్తీర్ణం ఉంటే అంతకూ ఇచ్చారు, దున్నుతున్నారా లేదా అన్న ప్రశ్న లేదు. పై పరిమితి కూడా లేదు. గుట్టలకు, రోడ్డు కింద పోయిన భూమికి, ప్లాట్లు చేసి అమ్మేసిన జాగాకు కూడా పడింది. నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) చేయకుండా గుంటల లెక్కన కాగితం మీద అమ్ముకున్నవాళ్ల పేరు మీద పాస్‌బుక్కు అలాగే ఉంటుంది. పాస్‌బుక్కు ఉంటే పైసలు ఉంటాయి. అందుకే 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా అమలు చేస్తూ, ఏడాదికి ఎకరానికి 12,000 ఇస్తూ, సాగుకు పనికిరాని భూమిని తీసేయాలన్నారు. నా మటుకు నాకు అది సరైన నిర్ణయమే అనిపించింది, ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే దానికి ఇచ్చిన టైం జనవరి 16 నుంచి 20 వరకు. ఐదు రోజులు. సంక్రాంతి పిండివంటలు ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి.

ఆ ఐదు రోజుల్లో నేను, రెవెన్యూ నుంచి ఒకాయన కలిసి తిరిగాం. చేతికొచ్చిన జాబితా జిరాక్సుకు జిరాక్సు. సర్వే నంబర్, దాని బై నంబర్లు (ఒకే సర్వే నంబర్‌లోని ముక్కల గుర్తులు), పట్టాదారు పేరు, విస్తీర్ణం. ప్లాట్లైన బై నంబర్ ఎదురుగా టిక్ పెట్టుకుని, సాయంత్రం రైతు వేదికలో (క్లస్టర్ రైతుల సమావేశ భవనంలో) కూర్చుని ఎంట్రీ చేయాలి. ఈ కేసులోని సర్వే నంబర్ రోడ్డు పక్కనే ఉంటుంది. అందులో 'అ' బై నంబర్ ఎకరం ఇరవై గుంటలు, 'ఆ' బై నంబర్ ఎకరం పది గుంటలు. 'అ' పెద్దావిడ బావగారిది. నాలుగేళ్ల కిందే హద్దురాళ్లు పాతి ప్లాట్లుగా అమ్మేశాడు. 'ఆ' పెద్దావిడది. దాంట్లో మక్క ఉంది.

మేము ఆ సర్వే నంబర్ దగ్గరికి వెళ్లాం, ప్లాట్లు కళ్లారా చూశాం. అబద్ధం రాయలేదు. కానీ జిరాక్సులో 'ఆ' అక్షరం చివరి మెలిక సగం మాసిపోయి, పైవరసా కిందివరసా రెండూ 'అ' లాగే కనపడుతున్నాయి. పట్టాదారు కాలమ్ పక్కకు జరిగి ఇంటిపేరు మాత్రమే పడింది. మన దగ్గర ఇంటిపేరు ముందొస్తుంది కదా, అన్నదమ్ముల భూములు కాబట్టి అదీ ఒకటే. విస్తీర్ణం 1.20 ఒకచోట, 1.10 ఒకచోట. ఆ ఒక్క అంకె చూసి ఉంటే సరిపోయేది. సాయంత్రం ఏడున్నరకు, నెట్ వస్తూ పోతూ ఉంటే, నేను చూడలేదు. టిక్ కిందివరసకు పడింది.

ఈ తప్పు దొరకడానికి ఒక అవకాశం ఉండింది. జనవరి 21 నుంచి 24 దాకా గ్రామసభలు పెట్టి జాబితాలు చదివి వినిపించాం. ఆ రోజు పెద్దావిడ కూతురి ఊరికి వెళ్లింది. ఆమె చెలక కౌలుకు చేసే అతను మాత్రం ముందువరసలోనే కూర్చున్నాడు. నేను సర్వే నంబర్ చదివాను. అతను విన్నాడు. తర్వాత నన్ను అడిగితే ఏమన్నాడంటే, "సారూ, నంబర్లు మాకేమెరుక? మేము దాన్ని మర్రికాడి చెలక అంటం." అతను ఆ నేలను పదేళ్లుగా దున్నుతున్నాడు. దానికో నంబర్ ఉందని తెలుసు, అదేదో తెలియదు. అతనికి తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఏ కాగితం మీదా అతని పేరు లేదు.

డబ్బు చిన్న కమతాల నుంచి మొదలుపెట్టి వేస్తారు. రైతు బంధు నాటి నుంచీ పద్ధతి అదే. ఫిబ్రవరి 5న ఎకరం లోపు వాళ్లకు, 10న రెండెకరాల దాకా పడ్డాయి. ఊళ్లో ఫోన్లు టింగు టింగుమంటుంటే ఈమె ఫోను మోగలేదు. వారం ఆగి, పాస్‌బుక్కు, బ్యాంకు పుస్తకం, ఆధార్ మూడూ ఒకే కవర్‌లో పెట్టుకుని రైతు వేదికకు వచ్చింది.

"బిడ్డా, మా బావకు పడ్డయట. నాకెందుకు పడలే?"

ఆ ఒక్క వాక్యంలో కేసు మొత్తం ఉంది. ప్లాట్లు చేసినాయనకు 9,000 పడ్డాయి, మక్క వేసిన చేనుకు పడలేదు. అప్పుడే ఆలోచించి ఉంటే అరగంటలో దొరికేది. నేను ఆ మాటను అన్నదమ్ముల ఇళ్లలో ఉండే మామూలు సణుగుడు అనుకున్నాను. "బ్యాంకు ప్రాబ్లం అయ్యుంటది పెద్దమ్మా, చూస్తా" అన్నాను.

బ్యాంకు మీదికే ఎందుకు పోయానంటే, అలవాటు. డబ్బు ఆగిన కేసులు పది వస్తే ఎనిమిది, తొమ్మిది అక్కడే తేలతాయి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక మారిన ఐఎఫ్ఎస్‌సీతో పాత ఎంట్రీలు సరిచేయడానికే నాకు రెండు సీజన్లు పట్టింది. జన్‌ధన్ ఖాతా వాడక నిద్రపోతుంది. ఖాతా నంబర్‌లో వరుసగా నాలుగు సున్నాలుంటే మూడే కొడతాం. ఇంకోచోట క్రాప్ లోన్ బాకీ కింద బ్యాంకువాళ్లు పట్టుకుంటారు, పట్టుకోవద్దని పై నుంచి ఎన్నిసార్లు చెప్పినా. ఇవన్నీ చూసీ చూసీ చెయ్యి దానంతటదే అటు పోతుంది.

ఆమె ఖాతా సరిగ్గానే ఉంది. పేరు సరిపోయింది, ఐఎఫ్ఎస్‌సీ సరిపోయింది. అయినా బ్యాంకుకు ఒకసారి, మీసేవకు ఒకసారి తిప్పాను. అక్కడ నేను గమనించాల్సింది ఒకటుంది. ఖాతా తప్పై డబ్బు వెనక్కి వస్తే, అలా వెనక్కొచ్చిన వాళ్ల జాబితా మనకు వస్తుంది. ఆమె పేరు పడ్డవాళ్లలో లేదు, వెనక్కొచ్చిన వాళ్లలోనూ లేదు. అంటే డబ్బు అసలు బయల్దేరనే లేదు. బయల్దేరని బస్సు కోసం నేను బస్టాండ్లన్నీ వెతుకుతున్నాను.

ఇంతలో ఫిబ్రవరి 24న పీఎం కిసాన్ 19వ విడత విడుదలైంది. ఆమె ఖాతాలో 2,000 పడ్డాయి. దాంతో గొడవ ఇంకో మెట్టెక్కింది.

పెద్దావిడకూ కౌలుదారుకూ మధ్య ఒప్పందం నోటిమాట. ఎకరానికి ఏడాదికి ఇంత కౌలు, అదిగాక యాసంగి భరోసాలో సగం ఎరువులకు అతనికివ్వాలి. చాలా ఊళ్లలో భరోసా మొత్తం పట్టాదారే ఉంచుకుంటాడు. ఈమె భర్త ఉన్నప్పటి నుంచీ సగం ఇస్తోంది, ఆయన పోయాక విరాసత్ (వారసత్వ మార్పు) చేయించుకుని పట్టా తన పేరు మీదికి వచ్చాకా ఇస్తోంది. సగమంటే 3,750. డీఏపీ బస్తా 1,350, యూరియా 266 రూపాయల 50 పైసలు. రెండు డీఏపీ, నాలుగు యూరియా తెస్తే పదహారు రూపాయలు చేతి నుంచి పడతాయి. ఆ ఎకరం చిల్లర మక్కకు అతని ఎరువుల ఖర్చులో పెద్ద భాగం అదే. ఆ నెల దుకాణంలో ఉద్దెర తెచ్చాడు.

పెద్దావిడకు ఫోన్‌లో మెసేజ్ వచ్చిందని కౌలుదారుకు ఎవరో చెప్పారు. ఎంతొచ్చింది, దేని కింద వచ్చింది అన్నది ఎవరూ చెప్పలేదు. రెండ్రోజులకు అతను నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమెను అతను చిన్నమ్మ అంటాడు.

"సారూ, చిన్నమ్మకు పైసలు పడ్డయా లేదా, జర కంప్యూటర్ల చూసి చెప్పు."

చెప్పొచ్చా? ఇలాంటివి ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పరు. ఆ ఖాతా ఆమెది. అతనికి ఆ భూమి మీద కాగితం మీద ఏ హక్కూ లేదు. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది, ఇప్పుడు మా మండలంలో ఆ కార్డు కోసం ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. 2020 భూమి హక్కుల చట్టంతో పహాణీలో (ఊరి భూమి రికార్డులో) అనుభవదారు కాలమ్ కూడా పోయింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఉంది, అది యజమాని సంతకం పెడితేనే చేతికొస్తుంది, అక్కడి బాధలు అక్కడివి. మా దగ్గర రైతు భరోసా పట్టాదారుకే. కౌలుదారు సంగతి వాళ్లూ వాళ్లూ చూసుకోవాలి. ఆ చూసుకోవడం ఇదిగో, ఇలా నా టేబుల్ ముందుకు వస్తుంది.

నేను చెప్పలేదు. "పడలేదు" అని చెబితే అతని మనసు కుదుటపడేదని తెలుసు. కానీ ఇవాళ పడలేదని చెప్పినవాణ్ణి రేపు ఇంకో ఇంట్లో పడ్డాయని కూడా చెప్పమంటారు. "మంగళవారం రైతు నేస్తం వీడియో కాన్ఫరెన్స్ ఉంది, అందరూ వస్తరు, మీ చిన్నమ్మను కూడా తీసుకురా, ఇద్దరికీ కలిపే చెప్తా" అన్నాను. అతనికి కోపం వచ్చింది. నేనూ ఆమె ఒకటైపోయామని బయట అన్నాడని తర్వాత తెలిసింది.

మంగళవారం ఇద్దరూ వచ్చారు, దూరం దూరంగా కూర్చున్నారు. ఆమెను అడిగి, ఆమె చేత్తోనే బ్యాంకు పుస్తకం తెరిపించాను. ఫిబ్రవరి 24, రెండు వేలు. అంతకుముందు 7,500 ఎక్కడా లేదు. పీఎం కిసాన్ ఆధార్‌కు జోడించిన ఖాతాలోకి వస్తుంది, రైతు భరోసా మనం ఎంట్రీ చేసిన ఖాతా నంబర్‌కు వస్తుంది, దారులు వేరు, ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు అని ఇద్దరికీ చెప్పాను. అతను పుస్తకం వంక కాసేపు చూసి, "మరి నువ్వన్న చెప్పొద్దా చిన్నమ్మా?" అన్నాడు. "నువ్వు అడిగినవా?" అంది ఆమె. అంతే, అక్కడికి ఆ గొడవ తెగింది.

డబ్బు గొడవ అలాగే ఉంది. లేచి వెళ్తూ అతనే అన్నాడు: "ప్లాట్లకు పడ్డయి సారూ, మక్కకు పడలే. ఇదేం లెక్క?" రెండు వారాల క్రితం ఆమె చెప్పిన మాటే అది. నాకు రెండోసారికి వినపడింది.

ఆ సాయంత్రమే బండి మీద చెలకకు వెళ్లాను. ఈసారి జిరాక్సు తీసుకెళ్లలేదు, ఆమె పాస్‌బుక్కే తీసుకెళ్లాను. గెట్టు మీద నిలబడితే ఎడమవైపు తెల్లరంగు పోయిన హద్దురాళ్లు, మధ్యలో తుమ్మ చెట్లు. కుడివైపు నడుం ఎత్తు మక్క, నీళ్లు పారుతున్నాయి. పాస్‌బుక్కులో బై నంబర్ స్పష్టంగా 'ఆ'. తిరిగొచ్చి జనవరి నాటి కాగితం తీసి, సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూశాను. నా టిక్ 1.10 ఎదురుగా ఉంది. నా సంతకం కిందే ఉంది.

ఆ తర్వాత చేసింది చెప్పడానికి పెద్దగా లేదు. చెలక ఫొటోలు, పాస్‌బుక్కు నకలు, పంట నమోదు వివరాలు జతచేసి, జనవరిలో తప్పు బై నంబర్ నమోదు చేశామని, తప్పు నాదేనని రాసి మండల వ్యవసాయ అధికారికి ఇచ్చాను. రెవెన్యూ ఆయన సంతకానికి పది రోజులు పట్టింది, ఎందుకంటే సంతకం పెడితే ఆయనకూ తప్పు అంటుకుంటుంది. ఆయన్ను తప్పుపట్టను, నేనూ రెండ్రోజులు ఆ కాగితం బ్యాగులో పెట్టుకునే తిరిగాను. 'అ' బై నంబర్‌ను తీసేయాలని అదే కాగితంలో రాశాను. బావగారు దారిలో కనపడితే ఇప్పుడు మొహం తిప్పుకుంటాడు.

ఈ మధ్యలో ఏప్రిల్ 14న భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది. మా ఫైలు ఎక్కడుందని అడిగితే ప్రతిచోటా ఒకటే జవాబు: "కొత్త సిస్టం సార్, కొంచెం ఆగండి." జూన్ 16న వానాకాలం భరోసా మొదలై, తొమ్మిది రోజుల్లో రాష్ట్రమంతా దాదాపు 9,000 కోట్లు వేశారు. ఈసారి ఆమె ఫోను మోగింది. 7,500. బావగారికి పడలేదు.

ఒక చిన్న మాట, లెక్క గురించి. పాస్‌బుక్కులో 1.10 అని ఉంటే అది ఎకరం పది గుంటలు. గుంటలు నలభై అయితే ఎకరం, కాబట్టి అది ఎకరంపావు, ఆరు వేలతో హెచ్చిస్తే 7,500. చదువుకున్న పిల్లలు దాన్ని దశాంశం అనుకుని ఫోన్‌లో 6,600 లెక్కేసుకుని వస్తారు. ఎప్పుడు లెక్కేసినా అసలు డబ్బు వాళ్ల లెక్క కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి గొడవ పడకుండా వెళ్లిపోతారు. నేనూ చాలాసార్లు సరిదిద్దకుండా ఊరుకున్నాను. కానీ పాయింటు తర్వాతి అంకెను తేలిగ్గా చూసే ఆ అలవాటే జనవరిలో నా టిక్కును పక్కవరసలో వేయించిందేమో.

ఇప్పుడు నేను మార్చుకున్నవి రెండు. డబ్బు పడలేదని ఎవరొచ్చినా ముందు వెనక్కొచ్చిన జాబితా చూస్తాను. పేరు అందులో ఉంటే బ్యాంకుకు, లేకపోతే చేను దగ్గరికి. రెండోది, నా క్లస్టర్ జాబితాలో సర్వే నంబర్ పక్కన పెన్సిల్‌తో ఇంకో కాలమ్ గీసుకున్నాను: మర్రికాడి చెలక, దొరబావి మడి, గుట్టకింది పొలం, ఇలా. ఇంకా సగం కూడా నిండలేదు. గ్రామసభలో ఇకమీద ఆ పేరుతోనే చదువుతాను. దానికి పై నుంచి ఆర్డర్ అక్కర్లేదు.

అతను ఈ వానాకాలం అదే చెలకలో పత్తి పెట్టాడు. జూన్‌లో పడ్డ 7,500 నుంచి ఆమె అతనికి 3,750 ఇచ్చింది, ఒప్పందం యాసంగికే అయినా. అవి యాసంగివే అనుకోమందట.

యాసంగి డబ్బు మాత్రం ఇంకా రాలేదు. అయిపోయిన సీజన్‌కు మళ్లీ వేసే దారి ఏమిటో కనుక్కుందామని రెండుసార్లు రాశాను. మొన్న యూరియా కోసం వచ్చినప్పుడు ఆమె అడిగింది, "మరి అవి, బిడ్డా?" "రాసిన పెద్దమ్మా" అన్నాను. "ఏ అక్షరం రాసినవో చూసుకున్నవా?" అంది. మూడో కాగితం ఈ సోమవారం ఇచ్చాను. బై నంబర్‌ను పెద్ద అక్షరంతో, చుట్టూ గీత గీసి రాశాను.